మునిగే గుడిలో నమకం

మా మిడుతూరు వైపు శివుడంటే ముందు గుర్తొచ్చేది సంగమేశ్వరుడే. శ్రీశైలం జలాశయం నిండడంతో 1980ల తొలినాళ్లలో గుడి మునిగిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా కంటపడలేదు. 2003లో తేలినప్పటి నుంచి ఏటా ఎండాకాలం కోసం చూడటం మాకు అలవాటైంది. లోపల ఉన్నది వేపచెక్క లింగం; ధర్మరాజు నిలిపాడని మా అవ్వ చెప్పేది. అన్నేళ్లు నీళ్లలో నానినా ఉంది.

అక్కడ రుద్రాభిషేకం వింటే నాకు వేరేగా ఉంటుంది. అందులో చదివే నమకం, చమకం రెండూ కృష్ణయజుర్వేదంలోవి, పదకొండేసి అనువాకాలు. ఏకాదశ రుద్రంలో నమకం పదకొండుసార్లు చదువుతారు, ఒక్కోసారికి చమకంలో ఒక్కో అనువాకం కలుపుతూ. నమకం రుద్రుణ్ణి కోపం దించుకోమంటుంది. చమకం అడుగుతుంది: మినుములు, నువ్వులు, పెసలు, కొర్రలు. అవి మా చేలల్లో పండేవే! వాన కోసం మొగులు చూసే రైతుకు ఇంతకన్నా సొంత మంత్రం ఏముంది?

వరద మొదలయ్యాక నీళ్లు గర్భగుడి గడప తాకేదాకా పూజ సాగుతుంది. చివరి హారతి అయ్యాక కృష్ణమ్మకు పసుపు కుంకుమ ఇచ్చి, పూజారి బయటికొస్తాడు. మెల్లగా శిఖరమూ మునుగుతుంది.