జేమర్సన్ మార్చని తీగలు

బేస్ గిటార్ వాయించేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. ఫ్లాట్‌వౌండ్ తీగలా, రౌండ్‌వౌండ్ తీగలా? బయటివాళ్ళకి ఇది పనిలేని గొడవలా కనిపిస్తుంది. కానీ దీని వెనక ఒక గొప్ప వాద్యకారుడి బతుకుతెరువు కరిగిపోయిన కథ ఉంది. అందుకే ఈ టపా.

ముందు తీగ సంగతి. బేస్ తీగ ఒంటి తీగ కాదు. మధ్యలో ఉక్కు తీగ, దాని చుట్టూ స్ప్రింగులా చుట్టిన మరో తీగ. మంద్రంగా పలకాలంటే తీగకి బరువుండాలి. బరువు కోసం ఒంటి తీగనే లావు చేస్తే అది కడ్డీలా బిర్రబిగిసిపోయి సరిగ్గా మోగదు. పైన ఇంకో తీగ చుడితే బరువు వస్తుంది, వంగే గుణం పోదు. ఈ ఉపాయం 17వ శతాబ్దపు యూరప్‌ది. 1664లో లండన్‌లో జాన్ ప్లేఫర్డ్ అచ్చువేసిన సంగీత పుస్తకంలో దీన్ని కొత్తగా కనిపెట్టిన వస్తువుగా చెప్పారు. పై చుట్టుకి గుండ్రటి తీగ వాడితే రౌండ్‌వౌండ్. గోటితో గీస్తే గర్రుమంటుంది. రిబ్బనులాంటి చదును తీగ వాడితే ఫ్లాట్‌వౌండ్. వేలు నున్నగా జారిపోతుంది. చుట్టున్న వయొలిన్ తీగని ఎప్పుడైనా తాకి చూస్తే తెలుస్తుంది, అదీ చదును చుట్టే.

నేనుండేది మస్కట్‌లో, రువీలో. ఇక్కడివాళ్ళ వాద్యం ఊద్. దాని మంద్ర తీగలూ చుట్టినవే. సూర్ రేవు నుంచి ఓడలెక్కి తిరిగిన సాలిం రషీద్ సూరీ ఊద్ వాయిస్తూ పాడి, 1930ల్లో మన బొంబాయిలో గ్రామఫోను రికార్డులిచ్చాడు. అరేబియా సముద్రానికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ తీగలతో కలిసే ఉన్నాయన్నమాట. సరే, అసలు కథకి వస్తాను.

1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ని బజారులోకి తెచ్చాడు. మనిషెత్తు డబుల్ బేస్‌ని కార్లలో మోసుకు తిరగలేక, బాండులో హోరు మధ్య వినపడక అవస్థపడేవాళ్ళ కోసం చేసిన వాద్యం అది. దాని మీదుండేవి ఫ్లాట్‌వౌండ్ తీగలే. పైగా బ్రిడ్జి మీది రేకు మూత లోపల నురుగు ముక్క ఒకటి పెట్టేవాడు, తీగ ఎక్కువసేపు మోగకుండా. అంటే ఇవాళ మనం 'పాత సౌండు' అని మురిసిపోయే ఆ దుమ్ దుమ్ శబ్దం అప్పట్లో ఎవరూ ఏరికోరి తెచ్చుకున్నది కాదు. డబుల్ బేస్ అలా పలికేది కాబట్టి దీన్నీ అలాగే పలికించారు.

గొడవ మొదలైంది ఇంగ్లండులో. 'ద హూ' బాండులో జాన్ ఎంట్‌విసిల్‌కి బేస్ అంటే వెనక నుంచి మోసే పని కాదు. 1965లో 'మై జెనరేషన్' పాటలో బేస్‌తో సోలో పెట్టాడు. దానికోసం సన్నటి తీగలుండే డాన్‌ఎలెక్ట్రో గిటారు కొన్నాడు. తీగ తెగింది. లండన్ కొట్లలో ఆ తీగలు విడిగా దొరకవు. తీగ కోసం ఇంకో గిటారే కొన్నాడు! అదీ తెగింది, మళ్ళీ కొన్నాడు. చివరికి విసిగి, ఫెండర్ జాజ్ బేస్ మీదే ఆ సోలో రికార్డు చేశాడు. మరుసటేడు, 1966లో, రోటోసౌండ్ కంపెనీ జేమ్స్ హౌ దగ్గరికి వెళ్ళి, పియానో ఎడమవైపు మెట్లలా ఖంగుమని మోగే తీగలు కావాలని కూర్చున్నాడు. అలా వచ్చింది స్వింగ్ బేస్ 66. పదేళ్ళు తిరిగేసరికి బేస్ అంటే ఆ ఖంగుమనే మోతే అయిపోయింది. మెట్లు లేని బేస్ మీద గరుకు తీగ చెక్కని కోరుకుతుందని తెలిసినా, జాకో పాస్టోరియస్ చెక్కకి ఎపాక్సీ పూసి మరీ రౌండ్‌వౌండ్ బిగించాడు.

ఇదే కాలంలో డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ ఉన్నాడు. మోటౌన్ కంపెనీ ఇంటి కింది గదిలాంటి స్టూడియోలో, 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీద, కుడిచేతి చూపుడువేలు ఒక్కదాంతో లెక్కలేనన్ని హిట్ పాటలు వాయించాడు. తీగలు లా బెల్లా ఫ్లాట్‌వౌండ్, 52 నుంచి 110 దాకా. (అంగుళంలో వెయ్యోవంతుల లెక్క. చాలా లావు.) తెగితే తప్ప మార్చేవాడు కాదు. చేతి చెమటా జిడ్డూ ఏళ్ళ తరబడి పట్టిన ఆ తీగల్లో స్వరం ఠప్పున పుట్టి, గుండ్రంగా నిలిచి, అంతలోనే తప్పుకునేది. అలా తప్పుకున్న చోటే గొంతుకి ఖాళీ దొరికేది. నా లెక్కలో జేమర్సన్ రహస్యం ఫ్లాట్‌వౌండ్ మాత్రమే కాదు, పాతబడ్డ ఫ్లాట్‌వౌండ్. కొత్త సెట్టు కొనుక్కుని మర్నాడే ఆ శబ్దం రాలేదేమని వాపోయేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు.

మోటౌన్ అట్టల మీద వాద్యకారుల పేర్లుండేవి కావు. ఆయన పేరు పడింది 1971లో, మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బం మీద. మరుసటేడు కంపెనీ లాస్ ఏంజిలస్‌కి మకాం మార్చింది, ఆయనా వెళ్ళాడు. అక్కడి నిర్మాతలకి మెరిసే కొత్త మోత కావాలి. తీగలు మార్చమన్నారు. మార్చలేదు. పిలుపులు తగ్గాయి. తాగుడు అంతకుముందే ఉంది, కాబట్టి తప్పంతా తీగల మీదికి తోసెయ్యను. అయినా చెవి మారిన ఊళ్ళో పాత తీగతో నిలబడ్డం ఎంత ఖరీదైన పనో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. 1983లో మోటౌన్ పాతికేళ్ళ సంబరానికి ఆయన టికెట్టు కొనుక్కుని వెళ్ళి బాల్కనీలో కూర్చున్నాడని చెబుతారు. ఆ ఏడు ఆగస్టులో పోయాడు, 47 ఏళ్ళకి. ఆ ముందే ఆ 62 నాటి గిటారు దొంగల పాలైంది.

ఇక నా సంగతి. శుక్రవారాలు నలుగురం కలిసి ఇళయరాజా పాటలు వాయిస్తాం. ఆయన పాటల్లో బేస్ వట్టి తాళం కాదు, కింద నడిచే రెండో పాట. శశిధరన్ వాయించిన ఆ బేస్ వరసలు నేర్చుకుంటుంటే తెలిసొచ్చింది: స్వరం పక్కస్వరం మీద పడకుండా ఆగకపోతే ఆ నడక ముద్దైపోతుంది. తబలా బాయాకి చోటుండదు. మా కీబోర్డు మిత్రుడు మాత్రం ఒప్పుకోడు. "ఏంటి గురూ, దుప్పటి కప్పి వాయిస్తున్నట్టుంది" అంటాడు. ఆయన చెవి ఆయనది.

ఇంకో కారణం మస్కట్ గాలి. వేసవిలో సముద్రపు ఉక్క ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. రౌండ్‌వౌండ్ చుట్ల మధ్య సందుల్లో చెమటా మట్టీ చేరి, నెలల్లోనే మోత చచ్చిపోతుంది. ఫ్లాట్‌వౌండ్‌లో చేరడానికి పెద్దగా సందుల్లేవు. కొనేటప్పుడు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ ఏళ్ళు నడుస్తాయి. (ఐరన్ మెయిడెన్ స్టీవ్ హారిస్ ఫ్లాట్‌వౌండే వాడతాడు, ప్రతి కచేరీకీ కొత్త సెట్టు! ఖంగుమనే మోత కోసమే. అది వేరే లోకం.)

జేమర్సన్ లావు సెట్టుకి ఆశపడలేదు. ఆ బిగువుకి గిటారు మెడ వంగుతుంది, లోపలి కడ్డీ తిప్పి సరిచేసుకోవాలి, వేళ్ళకీ దమ్ముండాలి. వియన్నా తోమాస్టిక్ తీగలు బాగా మెత్తన, నా గట్టి వేలికి ఆగవు. 45-100 డడారియో క్రోమ్స్ వేశాను. మొదటి రెండు నెలలు ఫ్లాట్‌వౌండ్ అంటే నమ్మలేనంత మెరుపు. ఆరో నెలకి మెత్తబడ్డాయి. ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది, మొన్న మా కీబోర్డు మిత్రుడు కొత్త రౌండ్‌వౌండ్ సెట్టొకటి బహుమతిగా తెచ్చిచ్చాడు. గిటారు సంచీ జేబులో ఉంది, కవరు విప్పలేదు.