ఐపీ అనే మాట వెనక కథ



ప్రతి ఏడాది ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని రాసుకుంటాం. అప్పు కట్టలేకపోయిన వాళ్ళ గురించి మాత్రం ఎక్కడా రాయం. ఈసారి అది రాద్దామని మా గ్రూపులో అనుకున్నాం.

మన ఊళ్ళల్లో "ఐపీ పెట్టాడు" అంటే ఎగ్గొట్టాడు అనే అర్థం. చీటీలు నడిపినాయన ఐపీ పెడితే మన డబ్బులు పోయినట్టే. అందుకే ఆ మాట వింటేనే మనకు ఒళ్ళు మండుతుంది. కానీ ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా దరఖాస్తు. "నాకున్నది ఇది, నా అప్పులు ఇన్ని, నావల్ల కావడం లేదు" అని దాచకుండా కోర్టుకు చెప్పుకోవడం.

ఈ చట్టం తెల్లవాళ్ళ కాలంలో, 1920లో వచ్చింది. ఇప్పటికీ మన కోర్టుల్లో నడుస్తోంది. కోర్టు ఒప్పుకుంటే ఆ మనిషి ఆస్తిని రిసీవర్ చేతికి ఇస్తారు. ఆయన దాన్ని అమ్మి అప్పులవాళ్ళందరికీ పంచుతాడు. నిజం చెప్పిన మనిషికి తర్వాత మిగిలిన అప్పుల నుంచి విడుదల ఇస్తారు. ఆస్తి దాచినా, దొంగ లెక్క చూపినా శిక్ష ఉంది. అంటే చట్టం మోసగాడి కోసం పుట్టలేదు, మునిగిపోయినవాడి కోసం పుట్టింది. కొందరు దాన్ని మోసానికి వాడబట్టి పేరు చెడింది.

దానికంటే ముందు, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మనం తెలుసుకోవాల్సిన మాటలు రెండు ఉన్నాయి. ఒకటి, డబ్బు బాకీ డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చేయకూడదు. రెండు, ఒంటి మీద బట్టలు, వంట పాత్రలు, పడక, ఆచారం ప్రకారం తీయకూడని మంగళసూత్రం లాంటివి జప్తు చేయకూడదు. నూరేళ్ళు దాటినా ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? "జైల్లో వేయిస్తాం" అని ఎవడన్నా అరిస్తే ఇప్పటికీ వణికిపోతాం.

రైతుల కోసం కూడా చట్టాలు వచ్చాయి. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1938లో రాజాజీ ప్రభుత్వం రైతుల రుణ విముక్తి చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద పేరుకున్న పాత వడ్డీ దానితో రద్దయింది. అయితే భూమి ఉన్నవాళ్ళకే అది ఉపయోగపడింది. కూలివాళ్ళకు దారి దొరకడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి, అప్పు కింద మనిషిని కట్టేసుకోవడాన్ని నేరం చేసింది. ఆ తర్వాత 1977లో మన రాష్ట్రంలో చిన్న రైతులకు, భూమి లేని కూలీలకు, చేతిపనుల వాళ్ళకు ప్రైవేటు వడ్డీ అప్పుల నుంచి విముక్తి చట్టం చేశారు.

1990ల్లో పొదుపు సంఘాలు వచ్చాయి. వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా బ్యాంకు అప్పు మన చేతికి వచ్చింది. అది మన గెలుపే. కానీ దాని వెనకే మైక్రోఫైనాన్సు సంస్థలు వచ్చాయి. వారం వారం కిస్తీ. ఒక సంస్థ కిస్తీ కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు. 2010 నాటికి ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, మరుసటి ఏడాది అది చట్టమైంది. వారం కిస్తీలు పోయి నెల కిస్తీలు వచ్చాయి, ఇంటి మీదకు వచ్చి బెదిరించడం నేరమైంది.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో మా గ్రూపులో ఒక అక్క నాలుగు చోట్ల అప్పు చేసి కట్టలేకపోయింది. సంస్థవాళ్ళు "మీరందరూ పూచీ" అన్నారు. మేమందరం పోయి ఆమె గుమ్మంలో పొద్దుగూకేదాకా కూర్చున్నాం. నోటికొచ్చినట్టు అన్నాం. వారం తిరక్కుండా ఆమె పిల్లల్ని తీసుకుని రాత్రికి రాత్రి ఊరు వదిలిపోయింది. ఆమెను తరిమింది వసూలుకొచ్చిన మనిషి ఒక్కడే కాదు, మేము కూడా. "పద అక్కా, వకీలును అడుగుదాం" అని ఒక్కరం అనలేదు. ఎందుకంటే మాకే తెలియదు.

ఇప్పుడు తెలుసుకున్నాం కాబట్టి రాస్తున్నాం. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. కోర్టు దగ్గర న్యాయసేవల కమిటీని అడగాలి, లేదా 15100కి ఫోన్ చేయాలి. రాజీకి లోక్ అదాలత్ ఉంది. బ్యాంకుల ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల్లో సలహా ఊరికే చెబుతారు. 2022 రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్సు అప్పులకు పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు, బూతులు తిట్టకూడదు. వేధిస్తే ముందు ఆ సంస్థకే రాసి ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టాలి, 14448 నంబరులో వివరం చెబుతారు. మనసు కుదేలైతే 14416కి ఫోన్ చేసి మాట్లాడాలి, అది ప్రభుత్వానిదే, డబ్బు అడగరు.

ఐపీ చివరి దారి. ఆస్తి పోతుంది, ఊళ్ళో మాట వస్తుంది. అందుకే వకీలును అడగకుండా ఎవరూ పెట్టొద్దు. ఫీజు తీసుకుని అప్పు మాఫీ చేయిస్తామనే బ్రోకర్లను నమ్మొద్దు. ముందు అప్పులన్నీ, వడ్డీ వ్యాపారిదీ చేబదుళ్ళతో సహా, ఒక కాగితం మీద రాయాలి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయడం అక్కడే ఆపాలి.

పోయిన ఏడాది మా గ్రూపులో ఇంకో చెల్లి రెండు నెలలు మీటింగుకు రాలేదు. ఈసారి మేము ఆమె గుమ్మంలో కూర్చోలేదు. ఇద్దరం లోపలికి పోయి టీ తాగి, ఆమె అప్పుల కాగితం రాయించి, న్యాయసేవల ఆఫీసుకు తీసుకుపోయాం. అప్పు ఇంకా తీరలేదు, కానీ నెలకు ఎంత కట్టాలో తేలింది. ఆమె ఊళ్ళోనే ఉంది, మీటింగుకు వస్తోంది.

మీ గ్రూపులో ఎవరన్నా మీటింగు మానేస్తే, కిస్తీ అడిగే ముందు వాళ్ళింటికి ఒకసారి పోయి రండి.