ఆధారశ్రుతియు మెటల్ సంగీతమును

మెటల్ సంగీతమనగనే చెవులు మూసికొను రసికులు మన పట్టణములలో నేటికిని గలరు. ఆ గర్జనలో ధ్యానమునకు తావెక్కడిదని వారి ప్రశ్న. అయినను, గత మూడు దశాబ్దములుగా ఆ శాఖనుండియే చిగిర్చి అట్మాస్ఫెరిక్ ప్రోగ్రెసివ్ మెటల్ అను పేరున వ్యవహరింపబడుచున్న సంగీతపు పుట్టుపూర్వోత్తరములను ఓపికతో పరిశీలించినచో, దాని మూలమున మన తంబురా మ్రోగుచుండుట తెలియవచ్చును.

1966 ఆగస్టులో బీటిల్స్ బృందము వెలువరించిన 'రివాల్వర్' ఆల్బమ్ కడపటి పాటలో జార్జి హారిసన్ మీటినది తంబురానే. పాశ్చాత్యగీతమునకు ప్రాణమని తలపబడు స్వరసంపుటముల మార్పును దాదాపు విడనాడి, ఆ పాట ఒకే ఆధారస్వరముపై నిలిచినది. సైకెడెలిక్ రాక్‌కు అట్లు దారి తెరువబడగా, మరుసటి యేడే పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ వచ్చెను. 1969లో కింగ్ క్రిమ్సన్ బృందము ఆ స్వప్నధోరణికి జటిలమైన తాళగతులను జోడించెను.

గర్జన వేరొక త్రోవను వచ్చినది. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారమున పనిచేయుచు కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను పోగొట్టుకొనిన టోనీ అయోమి, ఆ వ్రేళ్లకు ప్లాస్టిక్ తొడుగులు అమర్చుకొని, నొక్కుటకు సులువగునట్లు సన్నని తీగెలను కట్టి గిటారు వాయింపసాగెను; 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌లోని కొన్ని పాటలకు శ్రుతిని మూడు అర్ధస్వరములు దించెను. వదలిన తీగెనుండి పుట్టిన ఆ మంద్రనాదమే తరువాతి మెటల్‌కెల్ల సహజస్వరమైనది. ఒక కార్మికుని గాయము ఒక సంగీతశాఖకు స్వరూపమిచ్చుట నా మనస్సును నేటికిని కదలించుచుండును.

ఈ రెండు త్రోవలును కలసిన చోట్లలో నేను అగ్రస్థానమిచ్చునది 1994లో స్వీడను దేశపు తియామత్ బృందము వెలువరించిన 'వైల్డ్‌హనీ'. నాలుగేండ్లకు పూర్వము 'సుమేరియన్ క్రై'తో కర్కశమైన డెత్ మెటల్ వినిపించిన ఆ బృందనాయకుడు యోహాన్ ఎడ్లుండ్, ఈ ఆల్బమును పక్షుల కిలకిలారావములతో ఆరంభించి, ఎడము లేకయే రెండవ పాటలోనికి నడపించును. అందు చరణము గుసగుసగా సాగి, పల్లవి వచ్చునప్పటికి అదే కంఠము గర్జించును. కీబోర్డు నాదము మాత్రము రెంటి క్రిందను ఎడతెగక నిలిచియుండును. ఆ నిలుకడ వలననే గర్జన భయము గొల్పక దుఃఖమును తెలుపును. 2001లో స్టీవెన్ విల్సన్ నిర్మాణసహకారమున వచ్చిన ఓపెత్ వారి 'బ్లాక్‌వాటర్ పార్క్' ఈ మార్గమును మఱింత విస్తరింపజేసెను. ఆ బృందమే 2009లో మద్రాసు ఐఐటీ ఉత్సవమునకు వచ్చి వాయించెను.

తెలుగువారి పాలు ఇందెంత? పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌తో, మైకేల్ బ్రూక్ గిటారు సరసన, 1995లో 'డ్రీమ్' అను ఆల్బమ్ చేసెను. అది మెటల్ గాదు గాని, నాదముతో వాతావరణము కల్పించు విద్యలో అది మనవారి పాఠము. బెంగుళూరునకు చెందిన అగం బృందము 2017 నాటి 'ఎ డ్రీమ్ టు రిమెంబర్'లో, త్యాగరాజస్వామి నళినకాంతి రాగమున తన మనస్సునకు చేసికొనిన తెలుగు విన్నపమును ప్రోగ్రెసివ్ రాక్ గిటారుల నడుమ నిలిపినది. కృతికి అపచారము జరిగినదనువారితో నేనేకీభవింపను. రాగము చెడలేదు, సాహిత్యము చెడలేదు. హైదరాబాదునందు గాడ్‌లెస్ బృందము 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' వెలువరించినది. అది శుద్ధమైన డెత్ మెటల్.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మా మెదకు చర్చిలో, ఫ్రాంక్ సాలిస్బరీ చిత్రించిన అద్దాల గవాక్షములగుండ ఒకే సూర్యకాంతి పలు వర్ణములై ప్రసరించునట్లు, ఒకే ఆధారశ్రుతి కృతియందొక విధముగను మెటల్ నందు మఱియొక విధముగను భాసించుచున్నది. ఈ జిల్లా యువకులకు శివరాత్రినాటి ఏడుపాయల జాతరలోని డప్పు చిన్ననాటనుండియు తెలియును. గిటారును వారి చేతికి నేడు అందినది. ఆ డప్పు నడకను, తంబురా నిలుకడను, వదలిన తీగె మంద్రమును కూర్చి, తెలుగు మాటలతోనే ఒక సంపూర్ణమైన ఆల్బమ్ రచింపవలసినదని వారిని కోరుచున్నాను.