అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, మన ముసలివాళ్ల మౌనం

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్‌కు ఐదవ నిజాం అఫ్జల్ ఉద్దౌలా పేరు పెట్టారు. 1866లో ఇక్కడ ఆసుపత్రి కట్టారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద దాన్ని కూల్చేసింది. నగరంలో వేలమంది చనిపోయారు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. తర్వాత ఏడవ నిజాం కాలంలో అక్కడే ఉస్మానియా ఆసుపత్రి లేచింది.

ఈ చరిత్ర మనకెందుకు? పెద్ద జబ్బు చేస్తే ఆదిలాబాద్ ఏజెన్సీ పల్లెల నుంచి దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించి మన ముసలివాళ్లూ ఇక్కడికి వస్తారు. వారు దిగే ఇమ్లీబన్ బస్టాండు పేరుకు అర్థం కూడా చింతవనమే.

ఊళ్లో ఉన్నంతకాలం ఆ ముసలాయన పెద్దమనిషి. పంచాయితీలో, పెళ్లి మాటల్లో ఆయన మాట వినాలి. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం కొత్త కోడళ్లను పెద్దలకు పరిచయం చేసే భేటింగ్ ఉంది. పెద్దలు లేకుండా వంశం నడవదని చెప్పే ఆచారం అది.

అదే మనిషి పట్నం వార్డులో మంచం ఎక్కితే మాట ఆగిపోతుంది. చుట్టూ వందమంది ఉంటారు, కానీ గోండీలో, కొలామీలో మాట్లాడేవారుండరు. నొప్పి ఎక్కడని అడిగితే మనవడు జవాబు చెబుతాడు. ముసలాయన తిండి తగ్గిస్తాడు, రాత్రి నిద్రపోడు. "వయసు మీద పడింది" అంటాం. వయసు ఒక్కటే కాదు, ఒంటరితనమూ మీద పడింది.

మన చరిత్రలోనే దీనికి ఒక దారి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపింది. ఆయన చొరవతో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వచ్చింది, గోండీ వాచకాలు తయారయ్యాయి. మాతృభాషలో చెబితేనే పిల్లవాడికి చదువు అందుతుందని అప్పుడే తెలుసుకున్నారు. మంచాన పడ్డ ముసలివాళ్లకూ అంతే. మన మాట వినిపిస్తేనే ధైర్యం అందుతుంది.

ప్రభుత్వం తనవంతు చేస్తోంది. 2014లో ఆసరా పింఛను వచ్చాక వృద్ధులకు 200 రూపాయల స్థానంలో 1000 అందింది, తర్వాత 2016 రూపాయలైంది. ఆ డబ్బుతో బియ్యం, మందులు కొనవచ్చు. పలకరింపు కొనలేం.

అది మన పని. ముసలివాళ్లను పట్నం తీసుకెళ్తే వారి భాష వచ్చినవారిలో ఒకరు పక్కనే ఉండాలి. డాక్టరు అడిగింది ముందు వారికే చెప్పి, వారి జవాబునే డాక్టరుకు చెప్పాలి. రోజూ సాయంత్రం ఊరి నుంచి ఫోను చేయించాలి. ఉపాధ్యాయులు పిల్లల చేత తాతల, అవ్వల కథలు రాయించాలి. అడిగేవారుంటే ముసలివాళ్లు చెబుతారు.

హైదరాబాద్ హాస్టళ్లలో చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన ఊరివారెవరైనా ఆసుపత్రిలో ఉన్నారని తెలిస్తే ఆదివారం ఒక గంట వెళ్లండి. పళ్లు తేలేకపోయినా పరవాలేదు. మంచం పక్కన కూర్చొని మన మాటల్లో ఊరి సంగతులు చెప్పండి.