రమాబాయి బస చేసిన ఇళ్ళు

మనం పిల్లల్ని మురిపెంగానో కోపంగానో తిట్టే తిట్టు ఒకటుంది: వెధవ. అది విధవ నుంచి వచ్చిన మాటేనని తెలిసినా మనలో చాలామందికి నోరు ఆగదు. మా నాయనమ్మ మాత్రం ఆ మాట వాడేది కాదు. ఎవరైనా వాడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. పెళ్ళిళ్ళలో వెనక గదిలో కూర్చునేది, బయల్దేరేవాళ్ళకి ఎదురు పడకుండా దొడ్డి గుమ్మంలోంచి తిరిగేది. భర్త పోయిన మనిషికి మన ఇళ్ళల్లో ఇచ్చిన చోటు అంత.

మీరా కోశాంబి సంపాదకత్వంలో ఇంగ్లీషులోకి వచ్చిన పండిత రమాబాయి అమెరికా ప్రయాణ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు ఆ దొడ్డి గుమ్మమే గుర్తొచ్చింది. 1882 ఫిబ్రవరిలో భర్త పోయిన మనిషి, మరుసటి ఏడాది వేసవికల్లా రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని ఇంగ్లండ్‌లో దిగింది. ఆ తర్వాత మూడేళ్ళకి ఫిలడెల్ఫియాలో ముందు గుమ్మంలోంచి పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆమె గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది మతమార్పిడి దగ్గర ఆగిపోయి, అటో ఇటో తీర్పు చెప్పేస్తారు. నాకు ఆమె ఎవరెవరి ఇళ్ళల్లో ఉంది, అక్కడ ఆమెను ఎట్లా చూశారు, బదులుగా ఏం అడిగారు అన్నది ఎక్కువ ఆసక్తి.

ఆ కథ మొదలయ్యేది ఇంగ్లండ్‌లో కాదు, మన తిరుపతి దగ్గర. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే పెద్ద సంస్కృత పండితుడు. భార్యకి సంస్కృతం నేర్పాడని సాటి పండితులతో పడక, పడమటి కనుమల్లో గంగామూల దగ్గర ఆశ్రమం కట్టుకున్నాడు. రమాబాయి 1858లో అక్కడే పుట్టింది. ఆస్తి కరిగిపోయాక ఆ కుటుంబం గుడి నుంచి గుడికి తిరుగుతూ పురాణాలు చదివి, దక్షిణ పుచ్చుకుని బతికింది. డెబ్భైలలో కరువొచ్చింది. పురాణం వినే ఓపికా, దక్షిణ ఇచ్చే తాహతూ ఎవరికీ లేవు. వీళ్ళకి ఇంకో పని రాదు, అడుక్కోవడానికి పరువు అడ్డం. తిరుపతి దగ్గర అడవిలోకి చావడానికే వెళ్ళి, నీళ్ళూ ఆకులతో పదకొండు రోజులు గడిపామని ఆమె తర్వాత రాసుకుంది. తండ్రి అక్కడికి దగ్గర్లోనే పోయాడు.

తల్లి పోయింది నిజాం రాజ్యంలోని రాయచూరులో. ఆ తల్లి ఆకలికి తట్టుకోలేక రొట్టె అడిగితే, రమాబాయి ఒక బ్రాహ్మణుల ఇంటి ముందుకెళ్ళి నిలబడింది. నోరు తెరిచి అడగలేకపోయింది. ఆ ఇల్లాలే చూసి సజ్జరొట్టె ముక్క చేతిలో పెట్టింది. అప్పటికి తల్లికి మింగే శక్తి లేదు. పాడె మోయడానికి నలుగురు దొరకలేదు. ఇద్దరు ఒప్పుకున్నారు, మూడోవాడు అన్న, నాలుగో మనిషి రమాబాయే. పొట్టి మనిషి కావడంతో భుజానికి అందక పాడె కొమ్ము నెత్తిన పెట్టుకుని మోసింది. పరాయి ఇంటి గుమ్మం అంటే ఏమిటో ఆమె ఇరవై ఏళ్ళు రాకముందే నేర్చుకుంది. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకోకుండా వాంటేజ్ ఉత్తరాలు చదివితే, ఆమె ఊరికే మొండికేస్తోందనే అనిపిస్తుంది.

మధ్యలో జరిగినవి గబగబా చెప్తాను. 1878లో అన్నతో కలిసి కలకత్తా చేరింది. అక్కడి పండితులు పరీక్షించి పండిత, సరస్వతి అని బిరుదులిచ్చారు. 1880లో అన్న పోయాడు. అదే ఏడాది బెంగాలీ వకీలు విపిన్ బిహారీని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. ఆయనది బ్రాహ్మణ కులం కాదు కాబట్టి ఇటువైపూ అటువైపూ తలుపులు మూసుకున్నాయి. 1881 ఏప్రిల్‌లో మనోరమ పుట్టింది. పాపకి ఏడాది నిండకుండానే భర్త కలరాతో పోయాడు. ఇక్కడ రాజమండ్రిలో కందుకూరి మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అంటే మన గోదావరి ఒడ్డున వీధికి పోలీసుల్ని పెట్టుకుని ఒక వితంతువుకి పెళ్ళి చేస్తున్న రోజుల్లోనే, అస్సాంలో ఇంకొకామె వితంతువు కాబోతోంది.

పూనాలో ఏడాదిపాటు ఉంది. ఆర్య మహిళా సమాజం పెట్టింది, హంటర్ కమిషన్ ముందు ఆడవాళ్ళకి ఆడ డాక్టర్లు కావాలని చెప్పింది. రానడేలాంటి సంస్కర్త ఆమెను ఆదరించాడుగానీ, ఆయన ఇంట్లో పెద్ద ఆడవాళ్ళకి ఆమె రాకపోకలు కిట్టలేదు. ఈ సంగతి ఆయన భార్య రమాబాయి రానడేనే తన జ్ఞాపకాల్లో రాసింది. సంస్కర్తల సభలో కుర్చీ దొరికిందిగానీ సంస్కర్తల వంటింట్లో పీట దొరకలేదన్నమాట. డాక్టరు చదువు చదవాలనుకుంది. స్త్రీధర్మనీతి అని మరాఠీలో పుస్తకం రాసి, దాని అమ్మకం డబ్బుతో 1883లో ఓడెక్కింది. ఎవరి దానం మీదా వెళ్ళలేదు. ఇది ముఖ్యం.

వాంటేజ్‌లో ఉన్నది కుటుంబం కాదు, సెయింట్ మేరీ ది వర్జిన్ అనే ఆంగ్లికన్ సన్యాసినుల మఠం. వాళ్ళ శాఖ పూనాలో ఉండేది, పరిచయం అక్కడే. ఇండియాకి రాబోయే సిస్టర్లకి ఈమె మరాఠీ నేర్పాలి, బదులుగా బసా భోజనం, ఇంగ్లీషు చదువు. కాగితం మీద చూస్తే సరిసమానమైన ఒప్పందం. ఇంట్లో అడుగు పెట్టాక సమానం ఉండదు, ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్ళి నాలుగు నెలలు ఉన్నవాళ్ళకి ఈ సంగతి తెలుసు.

తనతో పాటు వచ్చిన ఆనందీబాయి భగత్ ఆ ఏడాదే అక్కడ ఆత్మహత్య చేసుకుంది. ఆ తర్వాత, సెప్టెంబరు 29న, రమాబాయి కూతురితో సహా బాప్తిజం తీసుకుంది. స్నేహితురాలి చావు ఆ నిర్ణయాన్ని ఎంత తోసిందో ఎవరూ చెప్పలేరు. నేను ఊహించను. దిగులులో ఉన్న మనిషిని ఆదరించినవాళ్ళు ఆ దిగులు మీద అధికారం కూడా తమదే అనుకుంటారు. అది మాత్రం ఆ తర్వాతి ఉత్తరాల్లో స్పష్టంగా కనబడుతుంది.

ఆమెకి వినికిడి మందగించి డాక్టరు చదువు కుదరలేదు. చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో చేరింది. ప్రిన్సిపాల్ డొరోథియా బీల్ ఆమెను బాగా అర్థం చేసుకుంది. ఇండియా వెళ్ళబోయే మగ విద్యార్థులకి కూడా భాషలు చెప్పవచ్చు కదా అన్న మాట వచ్చేసరికి గొడవ మొదలైంది. సిస్టర్ జెరాల్డిన్ వద్దంది. ఇండియాలోని బిషప్పులు కూడా వద్దన్నారు. మగవాళ్ళకి పాఠం చెప్పిందని తెలిస్తే స్వదేశంలో పరువు పోతుందట! ఊరూరా పండిత సభల్లో మగవాళ్ళ మధ్య నిలబడి పురాణం చెప్పిన మనిషికి ఈ హితబోధ. తన దేశంలో తన పరువు సంగతి తనకంటే మీకు ఎక్కువ తెలుసా అన్న అర్థం వచ్చేట్టు ఆమె జవాబు రాసింది. తన స్వేచ్ఛని ఇంకొకరి చేతిలో పెట్టడానికి తాను రాలేదని కూడా.

తిండి దగ్గరా ఇదే తగువు. ఆమె క్రైస్తవురాలయ్యాక కూడా శాకాహారం మానలేదు. అది కులగర్వం తాలూకు అవశేషమని జెరాల్డిన్ అనుమానం. ఇంగ్లీషామె ఇండియాకొచ్చి తన అలవాట్లు మార్చుకోకపోతే గర్వమంటారా అని రమాబాయి ఎదురడిగింది. శిలువ మీద లాటిన్ ఎందుకు, సంస్కృతం రాయించుకుంటానంది. పిల్లకి ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో తనని అడక్కుండా నిర్ణయించవద్దంది. ఈ ఉత్తరాల్లో జెరాల్డిన్‌ని దుర్మార్గురాలిగా చూడటం తేలిక. నాకట్లా అనిపించలేదు. ఆమె మనోరమని నిజంగా ప్రేమించింది, రమాబాయిని కూతురనే అనుకుంది. చిక్కంతా అక్కడే ఉంది. అవతలిది కూతురిగా ఉండటానికి వచ్చిన మనిషి కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అట్లాంటిక్ అవతల ఇంకో మరాఠీ అమ్మాయి ఇంకో ఇంట్లో ఉంది. ఆనందీబాయి జోషి వితంతువు కాదు, భర్త పట్టుబట్టి చదువుకి పంపినావిడ. దూరపు చుట్టం కూడా. ఒక మిషనరీ పత్రికలో వీళ్ళ సంగతి చదివిన న్యూజెర్సీ గృహిణి థియోడీషియా కార్పెంటర్ తనంతట తానే ఉత్తరం రాసి, రోజెల్‌లో తన ఇంటికి పిలిచింది. ఆనందీబాయి ఆమెను పిన్ని అని పిలిచేది. హిందువుగానే వెళ్తాను, హిందువుగానే తిరిగొస్తానని సెరాంపూర్‌లో సభ పెట్టి మరీ చెప్పి బయల్దేరిన అమ్మాయి, ఆ ఇంట్లో ఉండి ఆ మాట నిలుపుకుంది. 1887 ఫిబ్రవరిలో పూనాలో క్షయతో ఆమె చనిపోతే, చితాభస్మాన్ని కార్పెంటర్‌కే పంపారు. న్యూయార్క్ రాష్ట్రం పొకీప్సీలో కార్పెంటర్ కుటుంబపు శ్మశాన స్థలంలో ఇవాళ్టికీ ఆమె పేరుతో రాయి ఉంది. సొంత ఊళ్ళో నాలుగో భుజం దొరక్కపోవడం, పరాయి దేశంలో వాళ్ళ సమాధుల మధ్య చోటు దొరకడం, ఈ రెండూ ఒకే తరంలో జరిగాయి.

ఆనందీబాయి పట్టా పుచ్చుకునే సభకే రమాబాయికి పిలుపొచ్చింది. పిలిచింది ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాల డీన్ రేచెల్ బాడ్లీ. వాంటేజ్ వాళ్ళకి ఇష్టం లేకపోయినా 1886 ఫిబ్రవరిలో తల్లీకూతుళ్ళు లివర్‌పూల్‌లో ఓడెక్కారు. మార్చి 11న సభ జరిగింది. కొద్ది కాలానికని వెళ్ళిన మనిషి 1888 నవంబరు దాకా ఉండిపోయింది. మనోరమని మాత్రం కొంతకాలానికి తిరిగి వాంటేజ్ సిస్టర్ల దగ్గరికే పంపింది. అన్ని తగువులాడిన ఇంటికే పిల్లని పంపిందంటే, ఆ ఇంటి మీద ఆమెకున్న నమ్మకం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బాడ్లీ రసాయనశాస్త్రవేత్త. ఆమె రమాబాయిని కూతుర్ని చేసుకోవాలని చూడలేదు, పనిచేసుకోనిచ్చింది. ది హై కాస్ట్ హిందూ వుమన్ అన్న పుస్తకం 1887లో అక్కడే అచ్చయింది. ముందుమాట బాడ్లీది, అంకితం రమాబాయి తల్లికి. దాని అమ్మకాలతో, ఊరూరా ఉపన్యాసాలతో వితంతువుల బడికి డబ్బు పోగైంది. మధ్యలో ఫ్రోబెల్ పద్ధతిలో కిండర్‌గార్టెన్ శిక్షణ కూడా తీసుకుంది. 1887 డిసెంబరులో బోస్టన్‌లో రమాబాయి అసోసియేషన్ ఏర్పడి, పదేళ్ళు ఖర్చు భరిస్తామంది. ఊళ్ళల్లో రమాబాయి సర్కిళ్ళు వెలిశాయి. చేరినవాళ్ళు పదేళ్ళపాటు ఏటా డాలరు ఇస్తామని మాటివ్వాలి. బాడ్లీ మాత్రం ఆ బడి తెరుచుకోవడం చూడలేదు, 1888 జూన్‌లోనే పోయింది.

ఈ ఆదరణకీ ఒక వెల ఉంది. ప్రతి ఊళ్ళోనూ తెల్లచీరలో నిలబడి హిందూ వితంతువు కష్టం చెప్పాలి. ఎంత బాగా చెప్తే అన్ని డాలర్లు. ఆ కష్టం అబద్ధం కాదు, కానీ వినేవాళ్ళకి అది ఇండియా మొత్తం అయిపోయింది. తర్వాత 1895లో వివేకానందుడు అక్కడ మాట్లాడుతున్నప్పుడు బ్రూక్లిన్ రమాబాయి సర్కిల్ ఆడవాళ్ళు ఆయన మీద విరుచుకుపడ్డారు. అప్పటికి ఆయన కూడా అమెరికన్ కుటుంబాల ఇళ్ళల్లో అన్నం తింటున్నవాడే! రమాబాయి మాత్రం ఉప్పు తిన్నంత మాత్రాన కళ్ళు మూసుకోలేదు. 1889లో మరాఠీలో తెచ్చిన పుస్తకంలో అక్కడి ఆడవాళ్ళ సంఘాలనీ, చదువులనీ మెచ్చుకుంటూనే, ఆదివాసుల్నీ నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళు చూసిన తీరుని నిలదీసింది. ఆతిథ్యమిచ్చిన ఇంటి లోపాలు మరాఠీలో రాసింది, మన ఇంటి లోపాలు ఇంగ్లీషులో రాసింది. దీన్ని లౌక్యం అనొచ్చు, న్యాయం అనీ అనొచ్చు. ఎవరికి ఏ మాట వినబడాలో వాళ్ళ భాషలో చెప్పిందని నా అభిప్రాయం.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. ఇప్పుడు ఇల్లు ఆమెది, వచ్చేవాళ్ళు అతిథులు. మొదట చేరిన వితంతువు గోదూబాయి. తర్వాత 1893లో ధోండో కేశవ కర్వేని పెళ్ళి చేసుకుని ఆనందీబాయి కర్వే అయింది ఈమే. సదన్‌లో ఎవరి ఆచారం ప్రకారం వాళ్ళు వండుకుని తినొచ్చు, మతబోధ ఉండదు అన్నది నియమం. వాంటేజ్‌లో తనకి దొరకనిది తన ఇంట్లో పెట్టింది అనుకున్నాను, చదువుతూ.

అయితే ఆమె ప్రార్థన చేసుకునేటప్పుడు తన గది తలుపు వేసుకునేది కాదు. పిల్లలు వచ్చి కూర్చునేవాళ్ళు. రమ్మనలేదు, పొమ్మనలేదు. 1893లో పూనాలో పెద్ద రగడైంది. రానడే, భండార్కర్ సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. ఇరవైమందికి పైగా పిల్లల్ని పెద్దవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. తలుపు ఎందుకు మూయాలి, ఇది నా ఇల్లు కదా అన్నది ఆమె వాదన. జెరాల్డిన్ కూడా ఒకప్పుడు దాదాపు ఇదే అనుకుని ఉంటుంది.

మూడు నాలుగేళ్ళకి మధ్యపరగణాల్లో కరువొచ్చింది. రమాబాయి స్వయంగా అక్కడికి వెళ్ళి, దిక్కులేని ఆడవాళ్ళనీ ఆడపిల్లల్నీ వందల్లో వెంటబెట్టుకుని పూనా దగ్గర కేడ్‌గావ్‌కి తీసుకొచ్చింది. అక్కడ ఇంకా ఇళ్ళు కట్టలేదు. ముందు అన్నం పెట్టారు.