ఉదజని ఘటం – ఒక పాత ప్రశ్న

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక ఆ అలవాటు వదలక ఈ విషయం ఎత్తుకున్నాను.

1978 ప్రాంతంలో కౌతాళంలో పనిచేసేటప్పుడు ఏటా నీటి విద్యుద్విశ్లేషణ చేసి చూపేవాణ్ణి. గాజుపాత్రలో నీళ్లు, నాలుగు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఒక బ్యాటరీ. ఒక గొట్టంలో హైడ్రోజన్ చేరేది (నా చదువు రోజుల్లో ఉదజని అనేవారు), రెండో దానిలో అందులో సగం ఆక్సిజన్. వెలిగించిన పుల్ల దగ్గర పెడితే ఉదజని ‘టప్’మనేది. పిల్లలకు అదే తిరునాళ్ల. ఒకసారి వెనుక బెంచీ పిల్లవాడు లేచి, “సార్, కరెంటిచ్చి నీళ్లు ఇడగొట్టినారు గదా, మళ్లీ కలిపితే కరెంటు తిరిగొస్తాదా?” అన్నాడు. “కూర్చోరా, అది సిలబస్‌లో లేదు” అన్నాను. నిజానికి నాకు తెలియదు.

ఆ ప్రశ్నకు 1839లోనే విలియం గ్రోవ్ జవాబు కనుగొన్నాడని తరువాత చదివాను. ఆయన వృత్తికి వకీలు, ఆపైన జడ్జీ కూడా అయ్యాడు! రెండు ప్లాటినం రేకులను ఆమ్లం కలిపిన నీటిలో ఉంచి, ఒకదానికి ఉదజని, రెండో దానికి ఆక్సిజన్ తగిలేటట్లు చేస్తే తీగలో కరెంటు పారింది. కాని బొగ్గు చవక, డైనమోలు వచ్చాయి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1959లో ఫ్రాన్సిస్ బేకన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 5 కిలోవాట్ల యంత్రం నడిపి చూపాడు. 1965లో జెమిని 5 వ్యోమనౌక దీనితోనే నడిచింది. అపోలోలో చంద్రుడి మీదకు వెళ్లినవారు ఈ ఘటాలలో పుట్టిన నీటినే తాగారు.

పనితీరు కష్టమేమీ కాదు. మధ్యలో పలుచని పొర, ఇరువైపులా ప్లాటినం పూత. ఒకవైపు చేరిన ఉదజని ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. పొర ప్రోటాన్లను పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను పోనివ్వదు. అవి బయటి తీగ గుండా తిరిగి రావాలి. ఆ రాకే కరెంటు. అవతల ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. పొగ లేదు, చప్పుడు లేదు. ఒక్కో ఘటం ఒక వోల్టు కూడా ఇవ్వదు కనుక వరుసగా పేర్చాలి. బ్యాటరీలా గంటల కొద్దీ ఛార్జింగు అక్కరలేదు, వాయువులు అందుతున్నంతసేపు నడుస్తుంది. అందకపోతే ఆగిపోతుంది. 1970లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు కరెంటూ, తాగునీరూ ఒకేసారి కొరతపడ్డాయి.

మన వైపూ ఈ పని జరిగింది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పి.ఎస్.ఎల్.వి.-సి58లో ఇస్రో ఒక ఇంధన ఘటాన్ని పంపింది. అంతరిక్షంలో అది 180 వాట్లు ఇచ్చింది, అంటే మూడు పాత 60 వాట్ల బల్బులు.

ఇక చిక్కులు. ఉదజని విడిగా దొరకదు. ప్రపంచంలో నేటికీ ఎక్కువ భాగం సహజవాయువు, బొగ్గుల నుంచే తీస్తున్నారు. ఆ పొగ అక్కడ వదిలి, ఇక్కడ పొగ లేదనడం నాకు నచ్చదు. నిలువ చేయాలంటే గాలి పీడనానికి 350 నుంచి 700 రెట్లు కుక్కాలి. ప్లాటినం ధర చెప్పనక్కరలేదు.

నీటి నుంచి తీస్తే కిలోకు కనీసం 9 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన ఎన్.టి.పి.సి. కేంద్రం లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. కాగితం మీద లెక్క వేశాను, రోజుకు 1 కోటి 35 లక్షల లీటర్లు. అక్కడ సముద్రముంది, ఉప్పు తీసి వాడుకోవచ్చు. తుంగభద్ర దిగువ కాలువలో నీళ్లు ఎప్పుడొస్తాయా అని చూసే మనకు మాత్రం ఆ అంకె చూడగానే గుండె ఝల్లుమంటుంది.

కరెంటు లెక్క కూడా చెప్పాలి. కిలో ఉదజని తీయడానికి 50 యూనిట్ల పైన ఖర్చవుతుంది. ఘటంలో కలిపితే తిరిగి వచ్చేది 16, 17 యూనిట్లు.

ఆ పిల్లవాడికీ ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. ఈ సంచిక ఎవరి ద్వారానైనా అతని చేతికి చేరితే, నేను బాకీపడిన జవాబు ఇది: వస్తాది నాయనా, ఇచ్చినదాంట్లో మూడో వంతు.