సూది బెజ్జం సైజు ఎంతుండాలి? కెప్లర్ దారం కట్టి చెప్పిన జవాబు

ముందు స్క్రీన్ మీద ఈ ఫొటో చూడండి. ఇది మా వీధి. నమ్మరు కదా? నీళ్లు ఒలికిన రంగుల బొమ్మలా ఉంది.

నేను చేసింది ఇదీ. పాత డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ క్యాప్‌కి మధ్యలో డ్రిల్ వేశాను. వెనక కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క అతికించి, దానికి సూదితో బెజ్జం పెట్టాను. లెన్స్ లేదు, అయినా బొమ్మ వచ్చింది. కానీ అంతా మసక. తప్పెక్కడ జరిగింది?

హంపి వెళ్లినవాళ్లు విరూపాక్ష ఆలయంలో గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడటం చూసే ఉంటారు. మాయ కాదండీ. కాంతి తిన్నగా వెళ్తుంది కాబట్టి గోపురం పైనుంచి వచ్చిన వెలుగు చిన్న సందులోంచి దూరి కిందికి పోతుంది, కిందిది పైకి. క్రీస్తు పూర్వమే చైనాలో మోజీ గ్రంథం ఈ తలకిందుల బొమ్మ గురించి చెప్పింది.

అయితే నా సమస్య బెజ్జం సైజు. దాన్ని పట్టించుకున్న వాళ్లలో ఇబ్న్ అల్ హైతమ్ ఒకడు. బస్రాలో పుట్టి కైరోలో పనిచేశాడు. గ్రహణం రోజు చిన్న బెజ్జంలోంచి సూర్యుడు నెలవంకలా పడతాడనీ, బెజ్జం పెద్దదైతే ఆ ఆకారం పోతుందనీ వెయ్యేళ్ల క్రితమే రాశాడు.

1600కి వద్దాం. సూర్యగ్రహణాన్ని ఇలా బెజ్జంతో కొలిస్తే చంద్రుడు ఉండాల్సిన దానికన్నా చిన్నగా కనిపిస్తున్నాడు. టైకో బ్రాహీ అంతటివాడికే ఇది చిక్కుముడి. ఆ జూలైలో గ్రాజ్‌లో గ్రహణం చూసిన కెప్లర్ దీని వెంటపడ్డాడు. ఏం చేశాడో తెలుసా? ఒక పుస్తకాన్ని ఎత్తులో పెట్టి, అదే వెలుగిచ్చే వస్తువు అనుకున్నాడు. మధ్యలో మూలలున్న ఒక రంధ్రం. పుస్తకం మూలకి దారం కట్టి, రంధ్రం అంచుల వెంబడి తిప్పుతూ నేల మీద గీశాడు. రంధ్రం ఆకారం వచ్చింది! తర్వాత ఇంకో మూల, ఇంకో మూల. ఆ గీతలన్నీ ఒకదానిమీద ఒకటి పడి చివరికి పుస్తకం ఆకారం తేలింది.

అంటే ప్రతి వెలుగు చుక్కా బెజ్జమంత మచ్చ అవుతుందన్నమాట. సూర్యుడి వెలుగు అంచు దాటి పొంగి చంద్రుణ్ణి కొరికేస్తోంది. 1604లో దీన్ని పుస్తకంగా వేశాడు. నా బెజ్జం కొలిస్తే సుమారు 1 మిల్లీమీటరు. సెన్సర్ వెడల్పేమో 23. మసక రాక ఏమొస్తుంది?

మరి ఎంత చిన్నదైతే అంత మంచిదా? కాదు. మరీ చిన్నదైతే కాంతి తరంగం వంగి పరుచుకుంటుంది, మళ్లీ మసకే. మధ్యలో సరైన సైజు ఎంతో లార్డ్ రేలీ 1891లో లెక్కకట్టాడు. బెజ్జానికీ సెన్సర్‌కీ మధ్య దూరం 45 మిల్లీమీటర్లయితే దాదాపు 0.3 మిల్లీమీటరు.

ఈసారి రేకుని సూది మొనతో తాకీ తాకనట్టు పొడిచి, గరుకు కాగితంతో అంచు రుద్ది, స్కేల్ పక్కన పెట్టి ఫోన్‌లో జూమ్ చేసి కొలిచాను. ఇది ఎఫ్/150. ఎఫ్/8తో పోలిస్తే వెలుగు 350 రెట్లు తక్కువ. ట్రైపాడ్ మీద మూడున్నర సెకన్లు ఆగాల్సిందే. ఒక జాగ్రత్త, బెజ్జంలోంచి సూర్యుణ్ణి మాత్రం చూడకండి.

ఇదిగో రెండో ఫొటో. కరెంటు స్తంభం, దాని తీగలు, ఆగి ఉన్న స్కూటర్ కనిపిస్తున్నాయి. తలకిందుల బొమ్మని చాలామంది చూశారు. మసక ఎందుకని అడిగినవాళ్లే మనకి ఈ 0.3 ఇచ్చారు. మీ మొదటి ఫొటో పాడైతే డిలీట్ చేయకండి, కొలవండి. మళ్లీ కలుద్దాం!